తవుడు పోసి తెచ్చుకున్న నవోమి కోసం

మైపాడులో ముప్పై ఏళ్లు పురుళ్లు పోసిన నర్సును, కీర్తిశేషులు కృపాదానం గారి భార్యను, ఆనందకుమారి అనుదానను, వయసు యాభై తొమ్మిది, రాయిస్తున్న వీలునామా. కడుపులో గడ్డ ఉంది గాని బుద్ధికి ఏ జబ్బూ లేదు. నన్నెవరూ బెదిరించలేదు, బతిమాలలేదు. బతిమాలుతున్నది నేనే.

1. నా స్వార్జితమైన పన్నెండు అంకణాల స్థలం, అందులోని పెంకుటిల్లు, కుట్టుమిషను నా తదనంతరం నవోమికి చెందవలెను. దాని బొడ్డు కోసిన కత్తెర కూడా దానికే. "నా కుమార్తె నవోమి" అని రాయించబోతే వకీలు పద్మనాభయ్య గారు కొట్టేయించారు. "నా ఇంట పెరుగుతున్న నవోమి అను మైనరు" అనాలట. దత్తత చట్టం హిందువులకేనట, క్రైస్తవులమైన మాకు వర్తించదట.

2. ఆ పిల్ల నాకెలా వచ్చిందో అందరికీ తెలియాలి. సముద్రం ఒడ్డున పాళెంలో చేపల వేటకు పోయే పోలేరయ్యకు ముగ్గురు బిడ్డలు పురిట్లోనే పోయారు. నాలుగో కాన్పులో బిడ్డ దక్కింది, తల్లి పేరమ్మ పోయింది. బిడ్డలు దక్కని ఇంట పుట్టినదాన్ని, అదైనా బతకాలని, తవుడుకి అమ్మడం అక్కడి ఆచారం. కొన్నవాళ్లు మళ్లీ ఇచ్చేస్తారు. నేను చేటెడు తవుడు పోసి కొన్నాను, తిరిగి ఇవ్వలేదు. అతనూ అడగలేదు. చర్చి రిజిస్టరులో తల్లి పేరు దగ్గర నా పేరు రాయించాను. ఊరంతా సాక్ష్యం, దేవుడి పుస్తకంలో రాత, ఇంకేం కావాలనుకున్నాను. చట్టం ముందు రెండూ చెల్లవట. పన్నెండేళ్లు తల్లిననుకుని బతికినదాన్ని, ఆ మాట విని వకీలు గారి అరుగు మీదే ఏడ్చాను.

3. తమ్ముడు సంజీవరావుకు మా నాన్న గోడగడియారం. వీలునామా లేకపోతే వారసుడు తనేనని తెలిసినప్పటి నుంచి వారం వారం నన్ను పలకరించడానికి వస్తున్నాడు. "ఆ పిల్ల నీకేమవుద్దక్కా?" అని అది వింటుండగానే అడిగాడు. ఆ పూట పిల్ల అన్నం ముట్టలేదు. అందుకు వాణ్ణి క్షమించలేదు. గడియారం ఆగి ఆరేళ్లయింది, బాగు చేయించుకోవలెను.

4. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత ఈ కాగితం రాస్తున్న యెహోషువ మాస్టారిది. నవోమికి పద్దెనిమిది నిండేదాకా ఇంటి కాగితాలు వారి వద్దనే ఉండవలెను.

5. నవోమికి సంరక్షకుణ్ణి నియమించే హక్కు నాకు లేదట. కన్నతండ్రి బతికుండగా సహజ సంరక్షకుడు ఆయనేనట. నేను పోతే పిల్ల పోలేరయ్యది. పాళెంలో పదిహేను నిండకముందే పెళ్లి మాట ఎత్తుతారు. ఇల్లు ఇవ్వగలిగాను గాని, ఆ ఇంట్లో పిల్ల ఉండాలని రాయలేను. నెల్లూరు హాస్టల్లో ఉంచి చదివించమని రాసినా ఎవరి మీదా చెల్లదు. అందుకే ఒడ్డుకు వెళ్లి పోలేరయ్యను చేతులు పట్టుకుని అడిగాను. అతను వల పక్కన పెట్టాడు. తరవాత అన్నాడు: "తవుడు తీసుకున్నోణ్ణి నేను. అమ్మిన బిడ్డను మళ్లా ఎట్ట అడిగేదమ్మా? నువ్వు చెప్పిన బళ్లోనే చదవనీ."

నోటిమాట కోర్టులో నిలవదని వకీలు గారు అన్నారు. తెలుసు. నా బిడ్డకు నేను చూపించగలిగిన ఆసరా ఆ నోటిమాట ఒక్కటే. అందుకే అతని చేత ఇక్కడ వేలిముద్ర వేయిస్తున్నాను.

1963 సెప్టెంబరు 14, మైపాడు.

(సంతకం) ఆనందకుమారి

దస్తూరి: యెహోషువ, ఉపాధ్యాయుడు

సాక్షులు:
1. చెంచయ్య, పోస్టుమాను
2. పోలేరయ్య, వేలిముద్ర. నవోమి తండ్రి అని రాయబోతే వద్దన్నాడు.