రెండుసార్లు లాగిన తాడు

కామాటిపుర, బొంబాయి

అక్కకు,

చెల్లెలు నమస్కారాలతో రాస్తున్నది. నువ్వు, అమ్మ, పాప ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ అన్న, బావ, నేను ముగ్గురం బాగున్నాం.

ఈ ఉదయం బావ చొక్కా ఉతుకుతుంటే చూశాను. రెండు భుజాల దగ్గరా గుడ్డ సాగిపోయి, పిడికిళ్లతో పట్టినట్టు ముడతలు పడి ఉంది. ఎంత జాడించినా పోలేదు.

బావ ఎందుకు రాయడం లేదని అడిగావు. నీ మీద కోపం కాదు. నేనే చెబుతాను. ఇది అమ్మకు చదివి వినిపించకు.

అన్న పని నీకు తెలిసిందే. రేవుకు చాలా దూరంలో మునిగిన పాత ఓడ దగ్గరికి, వీపున గాలి సిలిండరు కట్టుకుని దిగి, ఇత్తడి సామాను విప్పి పైకి పంపాలి. పైన చెమటలు పోస్తున్నా అడుగున పళ్లు కొట్టుకునేంత చలి అంటాడు. పైకి వచ్చేటప్పుడు మధ్యలో ఆగి ఆగి రావాలి. ఒక్కసారిగా వస్తే ఒంట్లో గాలి బుడగలు కట్టి నరాలు దెబ్బతింటాయి. నడుముకు కట్టిన తాడును పడవలో ఒకరు పట్టుకోవాలి. అన్న పరాయివాళ్లను నమ్మడు. అందుకే బావను బిల్డింగు పని మాన్పించి తెచ్చుకున్నాడు.

పోయిన నెలలో ఒకరోజు అన్న మధ్యలో ఆగి, తాడు రెండుసార్లు లాగాడు. ‘ఆగాను, కదిలించకు’ అని దానికి అర్థం. బిల్డింగు మీద సిమెంటు తట్టలు చేదేవాళ్లకు మాత్రం రెండుసార్లు లాగితే ‘పైకి లాగు’ అని. బావ చేతులకు పాత అలవాటే వచ్చింది. బలమంతా పెట్టి లాగేశాడు.

ఆసుపత్రిలో అన్నే నవ్వించబోయాడు. “నన్ను సిమెంటు తట్ట అనుకున్నవా బావా?”

బావ గోడవైపు తిరిగాడు. “ఊర్లున్న మీ చెల్లెకు ఏమని రాయాలె నేను?” అన్నాడు.

అప్పటి నుంచి సరిగా తినడం లేదు. అన్నకు మెల్లగా తగ్గుతుందని డాక్టరు అన్నాడు. నువ్వు దిగులు పడకు.

నా ట్యూషన్లు సాగుతున్నాయి. పిల్లలు తెలుగువాళ్లే అయినా నాతో హిందీలోనే మాట్లాడతారు. సాయంత్రం వరండాలో పుస్తకం పట్టుకుని కూర్చుంటాను గాని, పేజీ తిప్పడం మరిచిపోతాను. ఎవరైనా వస్తుంటే కొంచెం చింతపండు పంపు.

బావకు రెండు ముక్కలు రాయి అక్కా. తిట్టకు. నీకు కోపం లేదని నీ చేతిరాతలో చూస్తే తింటాడు.

అమ్మ పాదాలకు నా దండాలు. పాపకు ముద్దులు. నీ దీవెనలు మా ముగ్గురికీ కావాలి.

నీ చెల్లెలు
సుగుణ

అన్న ఇంకా నడవడం లేదు. రోజూ పొద్దున బావే వీపున ఎక్కించుకుని మెట్లు దింపుతున్నాడు.