రెండు గీతల వాలు

ఫిబ్రవరి 18. పగలంతా ఎండ, చీకటి పడగానే మంచు. కళ్లంలో మిరపకాయల మీద పట్టాలు కప్పి వచ్చాను.

తమ్ముడూ నేనూ చెరొక బుట్ట కాయలు రోజూ తూచి, ఎండేకొద్దీ తగ్గే బరువును గ్రాఫ్ కాగితం మీద గీస్తున్నాం. వాడి గీత కొండ దిగినట్టు దిగుతోంది. నాది చేనుగట్టులా పడుకుంది.

"ఏంటన్నయ్యా, నీ కాయలు ఇంకా నీళ్లు తాగుతున్నాయా?" అన్నాడు పొద్దున. నవ్వాను గానీ, అన్నం సయించలేదు.

సాయంత్రం మా రూతు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టింది. "నాన్నా, బాబాయి అడ్డంగా రోజుకి ఒక గడి ఇచ్చాడు, నువ్వు మూడు ఇచ్చావు. అందుకే నీ గీత అలా ఉంది. తగ్గింది ఇద్దరికీ రోజుకి అరకిలోనే. వాలు ఒకటే."

ప్రాణం లేచొచ్చింది. "ఎవరు చెప్పారమ్మా నీకు?"

"బాబాయే. నిన్న లెక్కలు చెబుతూ."

అంటే పొద్దున వాడు తెలిసే అన్నాడు. అదైతే సర్దుకుందును. ఎక్కాల నుంచీ దానికి లెక్కలు చెప్పింది నేను. నిన్న నన్ను అడగలేదు. అడిగినా నాకు తెలియదు, నిజమే. రేపు అది లేవకముందే పుస్తకంలో ఆ పాఠం తీసి చదవాలి.

ఇవాళ బుట్ట బరువు ఇంకా గ్రాఫ్ మీద పెట్టలేదు.