గిటారు గొంతు మార్చబోతే

పెనుకొండ,
గురువారం.

ప్రియమైన అన్నయ్యకు,

నీ చెల్లి సునీత రాస్తున్నది. నేనిక్కడ బాగానే ఉన్నాను. అక్కడ నువ్వు, వదిన, అమ్మా నాన్నా, చంటిది అందరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? మెట్లెక్కవద్దని గట్టిగా చెప్పు, నా మాట ఎలాగూ వినదు. ఫోనుండగా ఉత్తరమేమిటని కంగారు పడకు, నాకేమీ కాలేదు. ఫోనులో చెబితే నువ్వు "సర్లేవే" అని పెట్టేస్తావు. ఇది కూర్చుని చదవాల్సిన సంగతి. నాలుగు రోజులైంది, నేనింకా తేరుకోలేదు.

ముందు ఇక్కడి కబుర్లు. ఫ్యాక్టరీలో నన్ను కార్ల వైర్లు పరీక్షించే బల్ల దగ్గర వేశారు. వైరు రెండు కొసలకూ మీటరు ముళ్లు ఆనించాలి. కీచుమంటే వైరు మంచిది, కీచుమనకపోతే ఎక్కడో తెగిందని పక్కన పెట్టాలి. టంకం వేయడం కూడా నేర్పారు. మన బొబ్బిలిలోలాగా ఇక్కడ చెమట కారదు, ఒట్టి పొడి గాలి. పెదవులు పగిలిపోతున్నాయి. పొద్దున ఉగ్గాని అని మరమరాల ఉప్మా, మధ్యాహ్నం రాగి సంగటి. మొదటి వారం ఏడుస్తూ తిన్నాను, ఇప్పుడు మారు అడిగి తింటున్నాను. ఆదివారాలు మాత్రం గడవవు. ఆ రోజు మీరందరూ గుర్తొస్తారు. అప్పుడే మన అటక మీంచి తెచ్చుకున్న గిటారు తీస్తాను.

ఇక అసలు సంగతి. నీ గిటారు నీకు చెప్పకుండా విప్పించాను. తిట్టేముందు పూర్తిగా చదువు.

ఫ్యాక్టరీ వార్షికోత్సవానికి మా షిఫ్టు వాళ్లం నలుగురం పాటలు కట్టాం. డ్రమ్ము మోగితే చాలు, నా గిటారు వినబడదు. దాని పికప్ సంగతి నీకు తెలుసుగా, సన్నగా, రేకు గీరినట్టుంటుంది. నువ్వు వాయించినప్పుడూ అంతే. దాని గొంతే అది అనుకున్నాం అందరం. వదినకు అర్థం కావాలని రాస్తున్నాను: పికప్ అంటే గిటారు తీగల కింద ఉండే నల్ల బిళ్ల. అందులో అయస్కాంతాల చుట్టూ వెంట్రుక కంటే సన్నని రాగి తీగ కొన్ని వేల చుట్లు చుట్టి ఉంటుంది. ఇలాంటి కరెంటు గిటారు పలికేది దాంతోనే.

హిందూపురంలో మైకుసెట్లు, గిటార్లు బాగుచేసే బాషా గారి దగ్గరికి వెళ్లాను. ఆయన రెండు కొత్త పికప్‌లు ముందు పెట్టారు. ఒకటి వాయించి, "ఇది గట్టిగా అరుస్తాదమ్మా, ఊరేగింపుకు బాగుంటాది. పెట్టినావంటే ఇది మీ అన్న గిటారని ఎవురూ అనుకోరు," అన్నారు. రెండోది తియ్యగా ఉంది కానీ మన గిటారు గుంతలో పట్టదు, చెక్క తొలవాలి. తొలవడమనగానే గిటారు ఒళ్లోకి లాక్కున్నాను. చివరికి ఆయనే ఉపాయం చెప్పారు. "పాతదానికే కొత్త తీగ చుట్టిద్దాం. ఇంత సన్నంది నా చేతికి నిలవదు. ధర్మవరంలో పట్టు దారం కండెలకు చుట్టే నారాయణమ్మ ఉండాది, ఆయమ్మ దగ్గరికి పో."

అలా పికప్, కొత్త తీగ రీలు పట్టుకుని రైలెక్కాను. నారాయణమ్మ పాత తీగంతా ఒలిచేసి, రాట్నం మీద కొత్తది చుట్టింది. తీగ ఆమె వేళ్ల మధ్య పోతుంటే నాకు కనబడనే లేదు. నేను చెప్పిన లెక్క ఒక్క చుట్టు కూడా తప్పలేదు. మరుసటి ఆదివారం బాషా గారు బిగించారు. వాయించాను.

అన్నయ్యా, అదే గొంతు! అచ్చం అదే! అదే సన్నం, అదే గీరుడు. కొత్త తీగ వేసి పాత గొంతు ఎలా వస్తుంది? నేనూ బాషా గారూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆయన మీటరు పెట్టారు. కీచుమనలేదు.

"ఈ తీగ లోపల తెగుండాది," అన్నారు.

"తెగితే అసలు పలకకూడదు కదా?"

"పలుకుతాదమ్మా. తెగిన కొసలు పక్కపక్కన ఉంటే కొంచెం లీకయి వస్తాది. ఇదో, ఇట్లే, పానం లేనట్ల."

ఆ పై ఆదివారం పికప్, టంకం సామాను పట్టుకుని మళ్లీ ధర్మవరం వెళ్లాను. నారాయణమ్మకు కోపమొచ్చింది. "తెగిందా? ఒక్కతూరి తెగింది, ముడేసినా. నేనేసిన ముడి చీరలో ఇంతవరకు ఎవురూ పట్టుకోలా!" అంది. తప్పు ఆమెది కాదు. పట్టు దారం తెగితే తడివేలితో ముడేసి ముందుకు పోవడమే ఆమె పని. ఈ రాగి తీగకు పైన వార్నిష్ పూత ఉంటుందని, అది గీకి టంకం వేయకుండా ఎంత గట్టిగా ముడేసినా కరెంటు పారదని ఆమెకు నేను చెప్పలేదు. చెప్పగానే పికప్ చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. తర్వాత అంది కదా:

"అట్లయితే పాపా, మీ పాత తీగ గూడా తెగిందే కదా?"

నాకు అర్థం కాలేదు.

"ఒలిచేటప్పుడు సగంలో కొస ఊడొచ్చింది. నేను తెంపలా. ఉండు చూపిస్తా." బొరుగుల పొట్లం కాగితంలో దాచిన పాత తీగ తెచ్చి ఆ కొస నా అరచేతిలో పెట్టింది. పచ్చగా చిలుము పట్టి ఉంది. నిన్న మొన్న తెగింది కాదు. ఎన్నేళ్ల కిందట తెగిందో! నువ్వు విజయనగరంలో ఆ పాత గిటారు కొన్ననాటికే తెగి ఉంటుంది.

రోజుకు వందల వైర్లకు మీటరు పెట్టే దాన్ని, నీ గిటారుకు ఒక్కసారి పెట్టి చూడాలని నాకెందుకు తోచలేదు?

ఆమె ముడి దాకా ఒలిచింది. నేను పూత గీకి టంకం వేశాను. మిగతాది ఆమె చుట్టింది. సాయంత్రానికి హిందూపురంలో బిగించి, ఒక్క తీగ మీటాను. కొట్లో గాజు పెట్టె అదిరింది. బాషా గారు టీ గ్లాసు కింద పెట్టేశారు. నిండుగా, గుండ్రంగా, ఆగకుండా సాగిందన్నయ్యా ఆ శబ్దం. నేను వాయించింది నువ్వు నేర్పిన ముక్కే, అదీ సగం తప్పులతో. నాలాంటిది వాయిస్తేనే అలా ఉంటే, నువ్వు వాయిస్తే?

పదకొండేళ్ల కింద, నీతో నేనూ వచ్చిన రోజు, చేర్చుకోమని నువ్వు వాయించి చూపిస్తే ఆర్కెస్ట్రా మాస్టారు పది మందిలో "నీ వేళ్లలో పస లేదు, వేరే పని చూసుకో" అన్నాడు. నువ్వు గిటారు అటకెక్కించి సిమెంటు కొట్లో కూర్చున్నావు. ఆ రోజు నువ్వు వాయించింది తెగిన తీగ మీద! నాకు కోపం ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియడం లేదు.

గిటారు నీకు పంపను. పంపితే మళ్లీ అటకెక్కిస్తావు. వార్షికోత్సవం వచ్చే నెల. నువ్వే రా, నేను పక్కన నిలబడి పాడతాను. వదినా, దగ్గరుండి రైలెక్కించు. అన్నయ్య వచ్చేటప్పుడు చింతకాయ పచ్చడి, నా పాత స్వెట్టరు పంపు.

ఇంకొకటి చెప్పాలి. ఆ రోజు మాస్టారి దగ్గర్నుంచి తిరిగొచ్చేటప్పుడు బస్సులో కిటికీ వైపు మొహం తిప్పుకుని, "నిజంగానే నా వేళ్లలో పస లేదంటావా?" అని అడిగావు. నాకప్పుడు పదమూడేళ్లు. ఆకలేస్తోంది, నిద్రొస్తోంది. "మాస్టారు చెప్పాడుగా, లేదు" అన్నాను. ఆ తర్వాత నువ్వు ఇంకెవరినీ అడగలేదు.

అమ్మకు, నాన్నకు నా దండాలు. చంటిదానికి ముద్దులు. నన్ను దీవించమని అడగడానికి ఈసారి నాకు మొహం లేదు, అయినా అడుగుతున్నాను.

నీ చెల్లి,
సునీత