చెప్పినవాళ్ల పేర్లు లేని వంశవృక్షం

అత్తా,

బాగున్నావా అని అడగాలనే ఉంది... నువ్వు పోయి పద్నాలుగు నెలలైంది. నేను బాగానే ఉన్నాను. కోపంగా ఉన్నాను, అంతే.

చిన్నాన్న కొడుకు రమణన్నయ్య, విశాఖలో ఉంటున్న నీ మేనల్లుడు, మన వంశవృక్షాన్ని ఇంటర్నెట్‌లో పెట్టాడు. పలాసలో నెట్ సెంటర్‌కి వెళ్లి చూశాను. ఏడు తరాలు. అడుగున "పరిశోధన, రచన" అని తన పేరు. నీ పేరు ఎక్కడా లేదు.

పరిశోధనట! జీడిపప్పు ఫ్యాక్టరీలో పని లేని ప్రతి రోజూ సంతబొమ్మాళికీ కంచిలికీ బస్సెక్కి, ముసలమ్మల పక్కన కూర్చుని అడిగింది ఎవరు? మగవాళ్ల పేర్లు చాలంటే వినకుండా ఆడపిల్లల పేర్లన్నీ రాసుకున్నది ఎవరు? నీ పెద్దకర్మ రోజున అవన్నీ రాసిన నోటుబుక్కు అన్నయ్య జిరాక్స్ తీసుకుంటానంటే నేనే ఇచ్చాను. బుద్ధి తక్కువై ఇచ్చాను.

ప్రతి పేరు పక్కనా అది చెప్పినవాళ్ల పేరు రాసేదానివి. "ఎవులు సెప్పినారో రాయకపోతే అది దొంగసొమ్మేనే ఓలమ్మీ" అనేదానివి. అన్నయ్య అవన్నీ తీసేశాడు. ముత్తాత తుఫానులో కొబ్బరిచెట్టుకి తాడుతో కట్టుకుని బతికిన కథ మాత్రం నీ మాటల్లోనే, పొల్లు పోకుండా దించాడు.

ఫోన్‌లో అడిగాను. వంశం అందరిదీ, పేర్లకి హక్కులేమిటన్నాడు. పేర్లు అందరివే, కాదన్నానా? తిరిగిన కాళ్లు నీవి కదా. రాసిన మాటలు నీవి కదా. పైగా నీ పుస్తకం తెరవనే లేదట, తనే అందరినీ అడిగాడట!

అప్పుడు నీ తప్పే నన్ను కాచింది. గుర్తుందా... మీ తాత చెల్లెలు పుట్టింట్లో అచ్చమ్మ. అత్తగారిదీ అదే పేరని అత్తారింట్లో సీతమ్మ అని మార్చారు. తెలియక నువ్వు ఇద్దరు అక్కచెల్లెళ్లని రాసేశావు. టెక్కలి ఆసుపత్రిలో ఉన్నప్పుడు నాకు చెప్పి దిద్దమన్నావు. నేను దిద్దేలోపే జిరాక్స్ అయిపోయింది. అన్నయ్య వంశవృక్షంలో అచ్చమ్మ, సీతమ్మ పక్కపక్కనే కూర్చున్నారు. ఈ సీతమ్మ సంగతి ఎవరు చెప్పారని అడిగాను. ఆ తప్పు నీ పుస్తకంలో తప్ప ఇంకెక్కడా లేదు. ఫోన్ పెట్టేశాడు.

వారానికి దిగొచ్చాడు. నీ పేరు పెడతానన్నాడు... చివర్లో, చిన్నక్షరాల్లో, "సహకారం" అని. నాన్న కూడా సర్దుకుపొమ్మన్నాడు. నేను ఒప్పుకోలేదు. నీ ఒక్క పేరు పెడితే సరిపోతుందా? నీకు చెప్పిన ఆ ముసలమ్మలంతా ఏమైపోవాలి? నువ్వైతే ఒప్పుకునేదానివా?

అందరి పేర్లూ పెట్టమన్నాను, లేదంటే నీ రాతలు తీసెయ్యమన్నాను. వంశవృక్షం మొత్తం తీసేశాడు. నా మొండితనం వల్లే పోయిందని బంధువులు అంటున్నారు. అననీ.

ఇప్పుడు ఆదివారాలు నెట్ సెంటర్‌లో కూర్చుని నీ నోటుబుక్కు నేనే టైపు చేస్తున్నాను. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ... అయినా సరే. చెప్పినవాళ్లందరి పేర్లూ ఉంటాయి. సీతమ్మ దగ్గర ఇలా రాస్తాను: ఒకరినే ఇద్దరని రాసిన తప్పు మా మేనత్త వరాలమ్మది, దిద్దించిందీ ఆవిడే. మెప్పుకి నీ పేరు పెట్టి, తప్పుకి దాచలేను. ఊరందరిముందూ పరువు తీశానని కోపమొస్తే...

వచ్చి తిట్టు అత్తా. ఒక్కసారి వచ్చి తిట్టు.

నీ మేనకోడలు,
పద్మ