అంతోనయ్య పేరు మీద సిమ్

మార్చి 24, 2006

బస్టాండ్ ఎదురుగా కంపెనీ గొడుగు వేశారు. కింద టేబులు, రెండు కుర్చీలు, ఒకదాంట్లో నేను. లైఫ్‌టైమ్ సిమ్, జీవితాంతం ఇన్‌కమింగ్ ఫ్రీ అని పొద్దుటినుంచీ అరిచి గొంతు పోయింది. విజయవాడ నుంచి వచ్చిన ఎగ్జిక్యూటివ్ సతీష్‌కుమార్ నా వెనకే నిలబడి, నవ్వుతూ చెప్పాలి సుప్రజగారూ అని రెండుసార్లు గుర్తుచేశాడు. ఈ ఎండలో టై కట్టుకున్న మనిషి తిరువూరు మొత్తానికి ఆయనొక్కడే.

మధ్యాహ్నం అంతోనయ్య అనే ఆయన భార్య సుబ్బాయమ్మతో వచ్చాడు. పెనుగొలను దగ్గర మామిడితోటకి కాపలా. కూతురు గుంటూరులో నర్సింగ్ చదువుతోంది. ఆ పిల్ల ఫోన్ చేస్తే తోట ఆసామి ఇంటికి చెయ్యాలి, వాళ్ళు విసుక్కుంటున్నారట. అందుకని సెకండ్‌హ్యాండ్ సెల్లు కొన్నాడు. ఫొటోలు రెండు చాలంటే, స్టూడియోవాళ్ళిచ్చిన ఎనిమిదీ నా చేతిలో పెట్టి, ఉంచండమ్మా, నా మొహం నేనేం చూసుకుంటా అన్నాడు. ఫారం మీద వేలిముద్ర వేసి, సిమ్ ఆన్ అయ్యేదాకా ఇద్దరూ అక్కడే కూర్చున్నారు.

హాస్టల్ నంబరు నేనే కలిపిచ్చాను. చెప్పులు విడిచి, లేచి నిలబడి మాట్లాడాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఎత్తడానికి పచ్చ బటన్, పెట్టెయ్యడానికి ఎర్ర బటన్ అని నేర్పాను.

ఈ ఉద్యోగం నాకు మొదటిసారి నచ్చింది.

మార్చి 30

నెలాఖరు టార్గెట్‌కి ముప్పయ్యెనిమిది తక్కువ. రేపటికి కాకపోతే కౌంటర్ ఎత్తేస్తామని సతీష్ అన్నాడు. కౌంటర్ లేకపోతే నేనూ లేను. మా సెల్ షాపు ఓనరు రామనాథ్ గారు పక్కకి తిరిగి పేపరు చదువుకుంటున్నారు. ఫొటోలు మిగిలినవి ఉన్నాయిగా, రేషన్ కార్డు జిరాక్సులు ఉన్నాయిగా అన్నాడు సతీష్. విస్సన్నపేటలో అందరూ ఇలాగే కానిస్తున్నారట.

మార్చి 31

ఫొటోలు, జిరాక్సులు ఉన్నవాళ్ళ పేర్ల మీద, వాళ్ళకి తెలియకుండా ముప్పయ్యెనిమిది ఫారాలు రాశాను. సంతకాలు రకరకాల చేతిరాతలతో పెట్టాను. వేలిముద్ర ఉండాల్సిన చోట నా ఎడమ బొటనవేలు వేశాను.

ఏప్రిల్ 9

టార్గెట్ దాటాం. స్వీట్లు పంచారు. ఆ సిమ్‌లన్నీ షాపులో ఒక ప్లాస్టిక్ డబ్బాలో పోసి పెట్టారు. కాగితాలు లేవు, ఇప్పుడే కావాలి అని ఎవడొచ్చి అడిగినా అందులోంచి ఒకటి తీసిస్తున్నారు. నేను కూడా ఇస్తున్నాను.

మే 18

నేను షాపుకి వెళ్ళేసరికి సుబ్బాయమ్మ మెట్ల మీద కూర్చుని ఉంది.

నిన్న సాయంత్రం పోలీసులు వచ్చి అంతోనయ్యని తీసుకెళ్ళారు. శ్రీలలిత అని కాలేజీలో పాఠాలు చెప్పే మేడమ్‌కి మూడు వారాలుగా ఎవడో ఫోన్ చేసి బూతులు మాట్లాడుతున్నాడు. ఆ నంబరు అంతోనయ్య పేరు మీద ఉందట.

సుబ్బాయమ్మ కొంగుముడి విప్పి సెల్లు కౌంటర్ మీద పెట్టింది. "ఆయనకి పచ్చబటన్ నొక్కటం తప్ప ఏం రాదమ్మా. నువ్వే నేర్పావుగా. నువ్వొచ్చి చెప్పు, చదువుకున్నదానివి, నీ మాట వింటారు" అంది.

ఆమె తెచ్చిన నంబరు రిజిస్టర్‌లో చూశాను. మార్చి 31. నా చేతిరాత.

ఓనరు గారు రాగానే వస్తానని చెప్పి పంపించాను. ఓనరు గారు అప్పటికే లోపల ఉన్నారు.

మే 19

సతీష్‌కి ఫోన్ చేస్తే, నోరు తెరవకు, రెండ్రోజుల్లో వాళ్ళే వదిలేస్తారు అన్నాడు. రామనాథ్ గారిని అడిగితే, రాసింది నువ్వే కదమ్మా, నేను రాయమన్నానా అన్నారు. నిజమే. అప్పుడు ఆయన పేపరు చదువుకుంటున్నారు.

అన్నం ముందు కూర్చుని లేచాను.

మే 20

స్టేషన్‌కి వెళ్ళాను. బెంచీ మీద అంతోనయ్య, చొక్కా లేకుండా. నన్ను చూసి లేచి దణ్ణం పెట్టాడు. ఆయనకి సాయం చెయ్యడానికి వచ్చాననుకున్నాడు.

ఎస్సై గారికి చెప్పాను. మొదట నమ్మలేదు. కంపెనీ నుంచి తెప్పించిన ఫారం ఫైల్లో ఉంది. పక్కన తెల్లకాగితం పెట్టి నన్నూ అంతోనయ్యనీ వేలు వెయ్యమన్నారు. ఆయన వేలికి అడ్డంగా కొడవలి గాటు. ఫారం మీది ముద్రలో ఆ గాటు లేదు. నా ముద్రతో సరిపోయింది.

ఆ సిమ్ ఎవరికి అమ్మారు అని ఎస్సై గారు అడిగారు. తెలియదన్నాను. సతీష్‌కి ఫోన్ కలిపారు. ఆ అమ్మాయి మా స్టాఫ్ కాదు సార్, షాపు మనిషి అన్నాడట. నా స్టేట్‌మెంట్ రాయించుకుని, పిలిచినప్పుడు రావాలన్నారు. అంతోనయ్యని వదిలేశారు.

నేను బయటికొస్తుంటే వెనక్కి పిలిచి అడిగారు, ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయని.

ఇదొక్కటే సార్ అన్నాను.

మే 28

పెనుగొలను వెళ్ళాను. అంతోనయ్యకి కాపలా పని పోయింది. ఆసామి ఇంట్లో ఆడపిల్లలున్నారట. తప్పు ఆయనది కాదని పోలీసులే చెప్పారు కదా అంటే, ఏమో, ఊరికే పట్టుకెళ్తారా అన్నాడట ఆసామి. అక్కడ గుంటూరులో కూతురికీ తెలిసిపోయింది. నాలుగు రోజులుగా ఫోన్ చెయ్యడం లేదట.

అంతోనయ్య తిట్టలేదు. తిడతాడని సిద్ధపడి వెళ్ళాను. తలొంచుకుని, "నా వేలు నాకు తెలవకుండా ఎట్టా పెట్టావమ్మా?" అని అడిగాడు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు.

సుబ్బాయమ్మ కూర్చోమనలేదు. "స్టేషన్లో చెప్పావు సరే. ఊళ్ళో ఎవరు విన్నారు? ఇంటింటికీ చెప్పిపో" అంది.

చెప్పాను. గుమ్మం ముందు నిలబడి, తప్పు నాది, ఆయనకేం తెలియదు అని ఆరిళ్ళలో చెప్పాను. సుబ్బాయమ్మ నా వెనకే వచ్చి ప్రతి ఇంటి దగ్గరా నిలబడింది. ఏడో ఇంట్లో ఒకావిడ నన్ను కిందికీ పైకీ చూసి, ఇట్టా చెప్పమని ఎంతిచ్చారేంటి నీకు అంది. సుబ్బాయమ్మ గిరుక్కున తిరిగి ఇంటికెళ్ళిపోయింది. నేను రోడ్డు మీద ఆటో కోసం నిలబడ్డాను.

జూన్ 2

రామనాథ్ గారు రేపటినుంచి రావద్దన్నారు. షాపు పేరు చెడుతోందట. వస్తూ చూస్తే గొడుగు కింద కొత్తమ్మాయి, వెనక టై. నవ్వుతూ చెబుతోంది.

జూన్ 6

శ్రీలలిత మేడమ్ బస్సులో కనిపించింది. నేనే వెళ్ళి చెప్పుకున్నాను. అతను దొరికాడా అని అడిగింది. లేదన్నాను. ఇప్పుడు వేరే నంబరు నుంచి చేస్తున్నాడు అంది. అది ఎవరి పేరు మీద ఉందో పోలీసులు కనుక్కుంటున్నారట.

జూన్ 7, ఉదయం

ముప్పయ్యేడు పేర్లూ గుర్తుచేసుకుని ఒక కాగితం మీద రాశాను. పదింటికి స్టేషన్‌కి వెళ్తాను. మొదటి పేరు మా నాన్నది. వరండాలో కూర్చుని టీ తాగుతున్నారు. ఆయనకి ఇంకా చెప్పలేదు.