శుక్రవారం తెల్లవారకముందు

అమ్మలూ,

ఆనకట్ట గేట్లు ఈ రాత్రే ఎత్తుతున్నారు. గురువారం రాత్రి పన్నెండు దాటాక, శుక్రవారం ఇంకా తెల్లవారకముందు, మూడు గంటలకు. నీ ఫోన్‌లో శనివారం మూడు గంటలని కనిపిస్తోంది, అది తప్పు. ఇక్కడిదాకా చదివి ఉత్తరం జేబులో పెట్టుకో. వంతెన పునాది గుంటలో ఉన్నవాళ్లందరినీ గట్టు మీదికి రప్పించాక మిగతాది చదువు.

చదువుతున్నావంటే అందరూ పైకొచ్చేశారనే అనుకుంటాను. ఇక్కడ నాన్న, తమ్ముడు, నేను బాగానే ఉన్నాం. నువ్వు క్షేమమని తలుస్తాను అని ఎప్పుడూ రాసే మాట ఈసారి రాయలేకపోతున్నాను. తలిస్తే సరిపోయే రోజు కాదు ఇది.

చేత్తో ఎందుకు రాస్తున్నానంటే మీ సైట్ మేనేజర్ అలా అడిగాడు. "టైపు చేసింది పంపితే ఆఫీసువాళ్ల పనే అనుకుంటుందండీ మీ అమ్మాయి. మీ చేతిరాతైతే కాస్త ఆగి చూస్తుంది," అన్నాడు. కాగితాలు ఫోటో తీసి అతనికి పంపుతాను. అతను అచ్చు తీయించి సరుకుల బండిలో నీకు చేరుస్తాడు. నిన్న సాయంత్రం నుంచి మీ రేడియో పలకడం లేదు కాబట్టి మాకు ఇంతకంటే దారి లేదు.

సోమవారం నువ్వు ఆఫీసుకొచ్చినప్పుడు మెయిల్లో పంపిన ఉత్తరం అందింది. నా మోకాలు గురించి అడిగావు. మెట్లెక్కేటప్పుడు తిడుతుంది, దిగేటప్పుడు ఊరుకుంటుంది. నాన్న చేస్తున్న పుస్తకాల బీరువా ఎంతవరకు వచ్చిందన్నావు. తలుపులు బిగించాడు, ఒకటి మూసుకోదు. "గాలి ఆడాలి కదా" అని సమర్థించుకుంటున్నాడు. తమ్ముడికి పరీక్షలైపోయాయి. ఎలా రాశావంటే, "పేపర్ బాగుంది" అంటాడు. పేపర్ సంగతి ఎవరడిగారు?

ఎవరైనా నా పని గురించి అడిగితే ఏమని చెప్పాలన్నావు. ఇది కాస్త వివరంగా రాస్తాను, ఈ రాత్రికీ దానికీ సంబంధం ఉంది. 'వచ్చే మంగళవారం', 'ఎల్లుండి సాయంత్రం', 'నెలాఖరులోగా' అని మనుషులు రాసుకుంటారు. కంప్యూటరుకి అవేవీ పట్టవు. దానికి రోజు, నెల, సంవత్సరం, గంట, నిమిషం అంకెల్లో కావాలి. మనిషి రాసిన మాటని ఆ అంకెల్లోకి మార్చే నియమాలు రాయడం నా పని. నీ ఫోన్‌లో ఉన్న హెచ్చరికల యాప్ ఆ నియమాలనే వాడుకుంటుంది. నువ్వున్న దేశంలో ఆనకట్టవాళ్లు పోర్చుగీసులో పంపిన సందేశాన్ని చదివి, తేదీ, గంట తేల్చి, అలారం పెడుతుంది. దాంట్లో పోర్చుగీసు భాగం నేను రాసిందే. నాలుగు నెలల క్రితం పూర్తిచేశాను.

ఆ భాషలో సోమవారాన్ని రెండోది అంటారు, మంగళవారాన్ని మూడోది, అలా శుక్రవారం ఆరోది. శని, ఆదివారాలకు మాత్రం పేర్లున్నాయి. తేదీల మధ్యలో ఇలాంటివి వస్తే యంత్రం తికమకపడుతుందని మేం వారం రోజులు దానిమీదే కూర్చున్నాం. ఎన్ని రకాలుగా పరీక్షించినా అది తడబడలేదు. భయపడ్డచోట అంతా బాగానే ఉంది.

నేను భయపడని చోట తప్పు జరిగింది. పోర్చుగీసులో అర్ధరాత్రి దాటినప్పటి నుంచి తెల్లవారేదాకా ఉన్న సమయానికి విడిగా ఒక పేరుంది, మద్రుగాద. నా పట్టికలో ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి అని నాలుగు గడులే ఉన్నాయి. మన తెల్లవారుజాము దాంట్లో చివరి ముక్క మాత్రమే. ఒంటిగంటా, రెండూ మనకి రాత్రే కదా. అందుకని మద్రుగాదని తీసుకెళ్లి రాత్రి గడిలో వేశాను. శుక్రవారం రాత్రి రెండింటికి ఇల్లు చేరాడంటే మన ఇంట్లో ఏమనుకుంటాం? శుక్రవారం గడిచింది, శనివారం ఇంకా తెల్లారలేదు అనుకుంటాం. మనకి తెల్లారితే గాని రోజు మారదు. వాళ్లకి పన్నెండు కొట్టగానే మారిపోతుంది. శుక్రవారం మద్రుగాద అంటే శుక్రవారం పొద్దు పొడవడానికి ముందున్న చీకటి. నా నియమం దాన్ని శుక్రవారం పొద్దుగుంకిన తర్వాతి చీకటిలోకి తోసింది. సరిగ్గా ఒక రోజు తేడా.

చాలా సందేశాల్లో తేదీ అంకెల్లో కూడా ఉంటుంది. అలాంటప్పుడు నా నియమంతో పని పడదు. సోమవారం ఆనకట్టవాళ్లు పంపిన దాంట్లో 'శుక్రవారం మద్రుగాద, మూడు గంటలు' అని వారం, వేళ మాత్రమే ఉన్నాయి.

మొన్న మంగళవారం మా ఆఫీసులో పోర్చుగీసు అనువాదకురాలు నా బల్ల దగ్గరికొచ్చింది. సాయంత్రాలు ఆ భాష పాఠాలు చెబుతుంది కాబట్టి అందరం టీచరమ్మ అంటాం.

"ఏమండీ, ఇది శనివారం అని చూపిస్తోందేంటి?"

"శుక్రవారం రాత్రి మూడు గంటలు కదా టీచరమ్మా. తేదీ ప్రకారం శనివారమే."

"రాత్రి అని ఎవరన్నారు? మద్రుగాద అని ఉంది. అది గురువారం పడుకుని లేవకముందు వచ్చేది."

నేను సందేశం మళ్లీ చదివాను. నీ ఉత్తరం తీశాను. ముందురోజు సాయంత్రమే దాంట్లోని ఒక వాక్యం నాన్నకి రెండుసార్లు చదివి వినిపించాను. "గేట్లు శనివారం మూడింటికి ఎత్తుతారని నీ యాప్ చెప్పిందమ్మా, అందుకే గురువారం రాత్రి కాంక్రీటు పెట్టుకున్నాను, మధ్యలో ఒక రోజు చేతిలో ఉంటుంది, చూశావా నీ పని నా పనికి ఎలా పనికొచ్చిందో" అని రాశావు. నాన్న కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అంత మురిసిపోయాం.

టీచరమ్మ వెంటనే ఆనకట్ట ఆఫీసుకి ఫోన్ చేసింది. నేను పక్కనే ఉన్నాను. గురువారం అర్ధరాత్రి దాటాక మూడింటికే అని అక్కడి అధికారి రెండుసార్లు చెప్పాడు. వాయిదా వేయమని అడిగించాను. పైన వానలు పడుతున్నాయి, నీళ్లు ఆపే వీల్లేదు అన్నాడు. గేట్లు ఎత్తిన గంటన్నరకి ప్రవాహం మీ వంతెన దగ్గరికి వస్తుందట. సైరన్ ఆనకట్ట చుట్టుపక్కలకే వినిపిస్తుందట.

ఆ సాయంత్రమే నియమం సరిచేసి పంపాం. సిగ్నల్ ఉన్న ఫోన్లన్నీ అందుకున్నాయి. నువ్వున్న చోట సిగ్నల్ లేదు. నీ ఫోన్ ఇంకా సోమవారం నాటి లెక్కలోనే ఉంది.

మేనేజర్‌కి మంగళవారం రాత్రే చెప్పాను, కానీ రేడియో నిన్న మధ్యాహ్నం గాని కలవలేదు, అప్పుడు నీకు కబురు పెట్టించాడు. నువ్వేమన్నావో అతను నాకు ఫోన్‌లో చెప్పాడు.

"మా అమ్మ రాసిన యాప్ శనివారం అంటోంది, మీ ఆఫీసు లెక్కలకన్నా మా అమ్మ లెక్క నయం అందండీ. కిందటి నెల మేం అనవసరంగా పని ఆపించాం, సగం వేసిన కాంక్రీటు పాడైపోయింది. ఆ కోపం ఇంకా పోలేదు."

"తప్పు వాళ్లమ్మదే అని చెప్పలేదా?"

"చెప్పమన్నాను. గరగరలో సగం మాటే పోయింది. సాయంత్రం నుంచి అసలు దొరకడం లేదు."

నాన్నకి చెప్పాను. "దానికి నీ మొండితనం వచ్చింది. నా బద్ధకం వచ్చుంటే ఈపాటికి గట్టు మీద హాయిగా పడుకునుండేది," అన్నాడు. నవ్వబోయాడు గాని నవ్వు రాలేదు. అప్పటి నుంచి ఆ మూసుకోని తలుపు దగ్గర కూర్చుని చిత్రిక పడుతూనే ఉన్నాడు.

అమ్మలూ, నా మాట మీద నీకు నమ్మకం ఎక్కువ. ఇప్పుడు ఆ నమ్మకమే నాకు భయంగా ఉంది. కాబట్టి నన్ను నమ్మమని అడగను. యాప్‌లో ఆ అలారం కింద 'అసలు సందేశం' అని ఉంటుంది, నొక్కు. పోర్చుగీసులో వచ్చింది వచ్చినట్టు కనిపిస్తుంది. నీ దగ్గరున్న పన్నెండుమందిలో ఆ భాష పుట్టుకతో మాట్లాడేవాళ్లు ఎంతోమంది. ఎవరో ఒకరిని పిలిచి చూపించు. ఏ రోజని నువ్వు చెప్పకు, నేను రాశానని కూడా అనకు. ఎప్పుడు అని మాత్రం అడుగు. ఇన్నాళ్లూ వాళ్లెవరూ ఎందుకు అనలేదంటే, వాళ్లు ఆ సందేశం చూడలేదు. శనివారం అని నువ్వు చెప్పావు, నీ మాట విన్నారు.

నువ్వు పంపిన ఫోటో నా ముందుంది. స్తంభం పునాది గుంట ఎంత లోతో నువ్వే రాశావు. దాంట్లోకి నిచ్చెన ఒకటే ఉంది. కాంక్రీటు వేసేటప్పుడు పంపు మోతలో పక్కవాడి మాట కూడా వినపడదని కూడా నువ్వే రాశావు. నీళ్లు వస్తున్న చప్పుడు మీకు వినపడదు. కనపడేసరికి పన్నెండుమంది ఒకరి వెనక ఒకరు ఆ నిచ్చెన ఎక్కాలి. చివర ఎవరెక్కుతారో నాకు తెలుసు. నిన్నటి నుంచి నా కళ్లముందు వేరే ఏమీ లేదు.

గట్టెక్కాక పంపు కోసమనో, చెక్కల కోసమనో మళ్లీ దిగకు. పంపు పోతే పోయింది. చీకటి పడ్డాక ఎవరినీ దిగనివ్వకు.

ఇప్పుడు నీకు కోపం వచ్చే మాట. నిన్న సాయంత్రం నుంచి ఎలా రాయాలా అని ఆలోచిస్తున్నాను.

రేడియో మూగబోయిందని తెలిశాక నేనే మేనేజర్‌కి ఫోన్ చేశాను.

"ఉత్తరం చూసి కూడా తను ఆపకపోతే?" అని అడిగాను.

"ఆపుతుందిలెండి."

"ఆపకపోతే?"

"అక్కడ ఇన్‌చార్జి తనేనండీ. చివరి నిర్ణయం తనది."

"అయితే ఇన్‌చార్జిగా తీసేయండి."

"అమ్మా, ఏమంటున్నారో చూసుకునే అంటున్నారా? ఆ పోస్టు కోసం ఆ పిల్ల మూడేళ్లు తిరిగింది."

"తెలుసు. దరఖాస్తు దిద్దిపెట్టింది నేనే."

"నోటిమాట మీద చేయలేను. కారణం రాసివ్వండి."

రాసిచ్చాను. ఇంజనీరు తన తల్లి తయారుచేసిన తప్పు లెక్కను నమ్మి మనుషుల్ని ప్రమాదంలో పెడుతోందని, వెంటనే తప్పించాలని రాసి సంతకం పెట్టాను. నీ గురించి నేను రాసిన మాటల్లో ఇంతకంటే చెడ్డవి లేవు. నాన్నకి చూపించలేదు.

ఈ ఉత్తరం నీ చేతికిచ్చింది నువ్వు గడ్డం అని పిలిచే ఇంజనీరు. నీతోపాటు ఆ పోస్టు అడిగి, దొరక్క, నీతో మాటలు మానేసినవాడు. వేరే ఎవరూ ఈ పూట ఆఫీసులో లేరట. నీ స్థానంలోకి వచ్చే ఉత్తర్వు అతని దగ్గరుంది. ముందు ఉత్తరం ఇచ్చి, నువ్వు చదివేదాకా నోరెత్తవద్దని ఫోన్‌లో అతన్ని అడిగాను. "సరేనమ్మా" అన్నాడు. మర్యాదగానే మాట్లాడాడు. నీకు చెబితే నమ్మవు.

నువ్వే పని ఆపి అందర్నీ పైకి రప్పిస్తే, ఆ ఉత్తర్వు బయటికి రాదు, అతను వచ్చిన బండిలోనే తిరిగి వెళ్లిపోతాడు. మేనేజర్ మాటిచ్చాడు. ఆపకపోతే అతను అక్కడ ఉండిపోతాడు, నువ్వు బండెక్కి వచ్చేయాలి. అతని మాట మీ వాళ్లు వింటారో లేదో, బండెక్కనని నువ్వు భీష్మించుకుంటే ఎవరేం చేస్తారో ఆ కాగితంలో లేదు. అడిగాను. బండి వెనక్కొచ్చాక చూద్దామన్నాడు మేనేజర్.

నీ కష్టార్జితాన్ని నీకు చెప్పకుండా పణంగా పెట్టాను. అడిగే వ్యవధి ఉంటే అడిగేదాన్ని, నువ్వు కాదనేదానివి, అప్పుడు కూడా ఇదే చేసేదాన్ని. నాతో ఎన్నాళ్లు మాట్లాడకుండా ఉంటావో ఉండు. మాట్లాడకుండా ఉండడానికైనా నువ్వు ఉండాలి.

మీ గడియారంలో గురువారం పొద్దున్న పదకొండు కావస్తోంది, కాగితాలు ఫోటో తీయాలి. బండి మధ్యాహ్నం పన్నెండింటికి ఆఫీసులో బయల్దేరి నాలుగింటికి నిన్ను చేరుతుంది. మీరు కాంక్రీటు మొదలుపెట్టేది ఆరింటికి. బండి ఐదింటికి వెనక్కి మళ్లి, రాత్రి తొమ్మిదింటికి ఆఫీసు గేటు దాటుతుంది. అప్పుడు మేనేజర్ నాకు ఫోన్ చేసి డ్రైవర్ పక్కన ఎవరున్నారో చెబుతాడు. గడ్డమైతే నువ్వు గట్టు మీద ఉన్నావు. నువ్వైతే నా మీద కోపంగా ఉన్నావు. ఎవరైనా నాకు ఒకటే. ఆ సీటు ఖాళీగా వస్తే ఏం చేయాలో ఇంకా ఎవరికీ తెలియదు. ఆ తర్వాత బండి రేపు పొద్దున్న గాని లేదు. గేట్లు మూడింటికి ఎత్తుతారు.

ఇట్లు,
నువ్వు పలికినా, పలకకపోయినా,
మీ అమ్మ