రేవు దాకా నడిచిన గుడ్డు

సఖినేటిపల్లి,
12-7-2002

చిరంజీవి ప్రశాంతికి,

మేనమామ త్రిమూర్తులు ఆశీర్వదించి రాసేది. ఇక్కడ నేనూ, మీ సత్యవేణి అత్తా, కోళ్ళూ క్షేమం. నా నోరు మరీ క్షేమం.

మీ నాన్న మస్కట్ నుంచి తెచ్చిన వీడియో ఆటపెట్టె హాస్టల్లో లాగేసుకుంటారని నా దగ్గర దాచి వెళ్ళేవు కదా. అందులో నువ్వు పెంచే బొమ్మ జంతువులు, నిప్పుతొండనీ నీటిబాతునీ ఒకే ఇంట్లో ఉంచేవు. సిగ్గులేని జంతువులు, గుడ్డు పెట్టేశాయి. తెర మీద ఇంగ్లీషులో పడితే పది ప్యాసైన మీ అత్త చదివి చెప్పింది. మూడు తరాలుగా పందెంకోళ్ళు పెంచుతున్న ఇల్లు మనది. డేగ పుంజుకి డేగ పెట్టనే జత చేస్తాం గానీ, తొండకి బాతుని కట్టిన మొనగాణ్ణి నేనెక్కడా చూడలేదు.

సరే, గుడ్డు గుడ్డే. పొదుగుకి కూర్చున్న నల్ల పెట్ట కింద నీ ఆటపెట్టె పెట్టేను. వారమైంది, ఉలుకూ లేదు పలుకూ లేదు. దీని పిల్లని దసరా సెలవుల్లో మీ హాస్టల్ శరణ్య ఆటపెట్టెలోని జంతువుతో పందెం కట్టాలంటివి. ఏం చెయ్యను?

ఇట్లు,
మావయ్య

తా.క.: తియ్యబోతే పెట్ట నా చెయ్యి పొడిచింది. సొంత గుడ్డనుకుంటోంది.

ఇంకో తా.క.: రోజూ నడవకపోతే షుగరు తగ్గదు, రేపు కాలికే ఎసరొస్తుందన్నాడు డాక్టరు సాయిబాబు. ఒకటి పోతే చెప్పుల ఖర్చు సగం మిగులుతుందన్నాను. అప్పట్నుంచి మీ అత్త ఒకటే ఏడుపు. ఆదివారం సున్నుండలు పట్టుకుని నీ దగ్గరికి వస్తుందట.

*

రాజమండ్రి,
23-7-2002

మావయ్యకి నమస్కారాలు.

ముందు పెట్టెని కోడి కింద నుంచి తియ్యి! అది పొదిగితే పగిలే గుడ్డు కాదు, నడిస్తే పగిలే గుడ్డు. జేబులో వేసుకుని రోజూ పొద్దున్నే రేవు దాకా వెళ్ళి రావాలి. మోపెడెక్కితే లెక్కలోకి రాదు. పుట్టే పిల్లకి తల్లి జాతి వస్తుంది, తండ్రి దెబ్బ వస్తుంది. ఇంత పెంపకం తెలిసినవాడివి నువ్వు తప్ప నాకెవరున్నారు?

నీ
ప్రశాంతి

తా.క.: తిరిగొచ్చాక పెట్టె అత్తయ్యకియ్యి. చెమట తుడవాలి.

ఇంకో తా.క.: పిల్ల బయటికొచ్చేదాకా నువ్వు పూతరేకు ముట్టుకోకూడదు. ముట్టుకుంటే గుడ్డు మురిగిపోతుంది. ఆటపెట్టెతో వచ్చిన పుస్తకంలో ఇంగ్లీషులో రాసి ఉంది.

*

సఖినేటిపల్లి,
9-8-2002

చిరంజీవి ప్రశాంతికి మావయ్య దీవెనలు.

తల్లి జాతి, తండ్రి దెబ్బ అన్నావు చూడు, అక్కడ పడిపోయాను. పెట్టని చూసి పుంజుని కొనమని మా నాన్నా అనేవాడు. అందుకే నడుస్తున్నాను.

మొదటి రోజే సుబ్బరాజుగారు అడ్డం తగిలేరు.

"ఏంటండీ త్రిమూర్తులుగారూ, ఆ మిషను?"

"భూమిలో గ్యాసు ఎక్కడుందో చూపిస్తుందండి."

"మా తోటలో ఉందాండీ?"

"ఆయ్. సరిగ్గా మీ వంటింటి కిందే."

మర్నాటికి వాళ్ళ పొయ్యి పెరట్లోకొచ్చేసింది. గ్యాసు పడితే కంపెనీవాళ్ళు డబ్బిస్తారని ఇప్పుడు నా వెనక ఊరేగింపే. మార్తమ్మయితే తన పాక ముందు నన్నాపి, "సరిగా చూడలేదు, మళ్ళీ చూడండి" అని దెబ్బలాడింది.

ఇట్లు,
కాళ్ళరిగిన మావయ్య

తా.క.: పూతరేకులమ్మి ఎదురొస్తే కళ్ళు మూసుకుని నడుస్తున్నాను. నిన్న కాలవలో పడబోయాను.

*

రాజమండ్రి,
20-8-2002

మావయ్యకి నమస్కారాలు.

మేలుజాతి గుడ్డు మావయ్యా, తొందరగా పగలదు. ఆపకు. వానొస్తే గొడుగేసుకుని నడు.

నీ
ప్రశాంతి

తా.క.: శరణ్య సుబ్బరాజుగారి మనవరాలే కదా. తోటలో గ్యాసు పడిందని హాస్టలంతా బిస్కెట్లు పంచింది. నిజం చెబుదామనుకునే లోపు రెండు తినేశాను.

*

సఖినేటిపల్లి,
2-10-2002

చిరంజీవి ప్రశాంతికి,

గుడ్డు పగిలింది. బాతు ముఖం, నిప్పు ఊపిరి. దిష్టి తీయించేను. షుగరు కూడా దిగింది. ఇక కాలికి భయం లేదన్నాడు సాయిబాబు.

ఇప్పుడు అసలు సంగతి. నెల క్రితం ఓ పొద్దున్న రేవుకి బయల్దేరి, మార్తమ్మ పాక దగ్గర జేబు తడుముకుంటే పెట్టె లేదు, కంగారులో సబ్బుపెట్టె వేసుకొచ్చేను. వెనక్కెళ్ళి చూద్దును కదా, పెరట్లో పీట మీద మీ అత్త! బొటనవేలితో మీట నొక్కుతోంది, తెర మీద బొమ్మ తెగ నడిచేస్తోంది. గుడ్డుకి నా కాళ్ళతో పనే లేదన్నమాట! సున్నుండలు తెచ్చిన ఆదివారమే మీ అత్తా నువ్వూ కలిసి, నా షుగరు దింపడానికి ఈ ఎత్తు వేసేరన్నమాట!

ఊరందరినీ ఆడించేవాణ్ణి, నన్నాడిస్తారా అని ఒళ్ళు మండింది. అరుద్దామని నోరు తెరిచేను. ఇంతలో బొమ్మ దేన్నో గెలిచినట్టుంది, మీ అత్త ఒక్కత్తే పకపకా నవ్వింది. చాలా రోజులైందే, ఆ నవ్వు వినక. నోరు మూసుకుని, ఆ సబ్బుపెట్టెతోనే రేవు దాకా నడిచేను.

"ఎంతవరకూ వెళ్ళేరండీ?" అంది తిరిగొచ్చాక.

"రేవు దాకా" అన్నాను. అప్పట్నుంచీ రోజూ ఆటపెట్టె మర్చిపోయినట్టు ఇంట్లో వదిలేస్తున్నాను, నా జేబులో సబ్బుపెట్టే.

తల్లి జాతి, తండ్రి దెబ్బ వస్తాయన్నావు. మరి మేనమామ బుద్ధి ఎవరికొస్తుందో ఆ ఆట చేసినవాళ్ళకి తెలిసినట్టు లేదు. నాకు తెలిసింది.

ఇట్లు,
రెండు కాళ్ళ మీదా నిలబడి,
మావయ్య

తా.క.: మొన్న ఒక పూతరేకు తిన్నాను. గుడ్డు మురగలేదు. ఆ ఇంగ్లీషు పుస్తకం ఓసారి తీసుకురా, చూడాలి.

ఇంకో తా.క.: నాకు తెలిసిపోయిందని అత్తకి చెప్పకు. ఇంకో గుడ్డు పెట్టించింది. రేపట్నుంచి రేవులో నర్సాపురం పడవెక్కి, అవతల దిగి అక్కడ కూడా నడవాలట.